జాబితాలో లేని కంప్యూటర్‌కు పూచీ ఎవరిది?

విండోస్ 11ను కొంచెం పాత కంప్యూటర్‌లో వేయబోతే మధ్యలో ఒక హెచ్చరిక వస్తుంది. ఈ యంత్రానికి కావలసిన కనీస అర్హతలు లేవని, వేసుకుంటే సరిగా పనిచేయకపోవచ్చని, వేసుకున్నాక దీనికి సపోర్టు గానీ అప్‌డేట్లు పొందే హక్కు గానీ ఉండవని, పొసగక ఏదైనా నష్టం జరిగితే అది తయారీదారు వారంటీ కిందికి రాదని దాని సారాంశం. కింద రెండు బటన్లు ఉంటాయి, సరేననడానికి ఒకటి, వద్దనడానికి ఒకటి. చాలామంది చదవకుండానే మొదటిది నొక్కేస్తారు. కొందరికి ఆ శ్రమ కూడా ఉండదు, విండోస్ వేసిపెట్టే కుర్రాడే వాళ్ల తరఫున నొక్కేస్తాడు. ఆ నాలుగు ముక్కలూ నెమ్మదిగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. ఇది నడవదని అందులో ఎక్కడా లేదు. నడుస్తుందన్న హామీ కూడా లేదు. రేపు ఏదైనా అయితే నా గుమ్మం ఎక్కొద్దని మాత్రం స్పష్టంగా ఉంది. ఒక రకంగా అది పూచీకత్తు కాగితం, కాకపోతే సంతకం పెట్టినవాడికి తాను దేనికి పూచీ పడ్డాడో తెలియదు. ఈ అధ్యాయంలో నా వాదన ఇది: సపోర్టు లేని కంప్యూటర్‌తో రోజువారీ పని చేసుకోవచ్చా అన్న ప్రశ్నకు జవాబు ఆ కంప్యూటర్ వయసులో దొరకదు. అంతవరకు కంపెనీ చేస్తూ వచ్చిన చాకిరీ ఏమిటో తెలుసుకుని, దాన్ని మీరు నెత్తికెత్తుకోగలరా లేదా అని తేల్చుకుంటేనే దొరుకుతుంది.

ముందు సపోర్టు ఉన్నవాటికీ లేనివాటికీ మధ్య గీత ఎక్కడ గీశారో చూద్దాం. విండోస్ 11 2021 అక్టోబరు 5న విడుదలైంది. 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి పెద్ద కోరికలేమీ కావు. తకరారంతా మిగతా వాటి దగ్గర వచ్చింది. సెక్యూర్ బూట్ ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ పేరు మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. ఇంటెల్ అయితే 8వ తరం నుంచి, అంటే 2017లో మొదలైనవి. ఏఎండీ అయితే రైజెన్ 2000 వరస నుంచి. దాంతో 2016లో కొన్న, ఎస్‌ఎస్‌డీ వేస్తే ఈరోజుకీ చకచకా నడిచే ల్యాప్‌టాప్‌లు ఎన్నో గీతకు అవతల పడ్డాయి. ఇదంతా భద్రత కోసమేనని కంపెనీ చెప్పింది. అందులో నిజం లేకపోలేదు. విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకి దొంగ కోడ్ చొరబడకుండా కాపలా కాసే మెమరీ ఇంటెగ్రిటీ అనే సదుపాయం ఉంది. ప్రాసెసర్ లోపలే దానికి తగిన తోడ్పాటు ఉంటే అది తేలిగ్గా నడుస్తుంది. లేకపోతే ఆ పని సాఫ్ట్‌వేరే చేసుకోవాలి, వేగం తగ్గుతుంది. అయితే ఆ తోడ్పాటు ఇంటెల్‌లో 7వ తరం నుంచే ఉంది. ఏఎండీలో జెన్ 2 నుంచి గానీ రాలేదు. మరి జాబితాలో జరిగిందేమిటి? అది ఉన్న ఇంటెల్ 7వ తరాన్ని బయట నిలబెట్టి, అది లేని రైజెన్ 2000ను లోపలికి రానిచ్చారు. 7వ తరంలో మినహాయింపు దొరికిన కొద్ది ప్రాసెసర్లలో 7820హెచ్‌క్యూ ఒకటి. మైక్రోసాఫ్ట్ తానే అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2లో ఉన్నది అదే కావడం గమనించదగ్గ విషయం. టీపీఎం సంగతీ ఇలాంటిదే. 2016 జులై 28 తర్వాత విండోస్ 10తో తయారై వచ్చే కొత్త కంప్యూటర్లలో టీపీఎం 2.0 ఉండి తీరాలని మైక్రోసాఫ్టే నియమం పెట్టింది, కాబట్టి గీత బయట పడ్డ వాటిలో చాలావాటికి ఆ అర్హత ముందే ఉంది. ఎన్ని రకాల యంత్రాలను పరీక్షించి, ఎన్నేళ్లు మోయగలమో లెక్క వేసుకుని ఒక కంపెనీ గీసుకున్న సరిహద్దుగానే దీన్ని చూడాలని నా అభిప్రాయం. టీపీఎం 1.2 ఉన్న పాత యంత్రంలో కూడా తనిఖీని దాటించి అప్‌గ్రేడ్ చేసుకునే రిజిస్ట్రీ చిట్కాను ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ తన సహాయ పేజీలోనే రాసి ఉంచింది. ఆ తర్వాత తీసేసింది. తలుపు మూసి తాళంచెవి గుమ్మం మీదే పెట్టిన వాళ్లు, కొన్నాళ్లకు ఆ చెవి కూడా జేబులో వేసుకున్నారన్నమాట.

ఈ చర్చలో తరచూ వినిపించే అంకె ఒకటుంది. అర్హతలు లేని కంప్యూటర్లలో కెర్నెల్ క్రాష్‌లు 52 శాతం ఎక్కువగా కనిపించాయని 2021 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. వినగానే గుండె జారిపోయే అంకె. కానీ అదే ప్రకటనలో పక్కనే మరో అంకె ఉంది: అర్హతలున్న యంత్రాల్లో 99.8 శాతం క్రాష్ లేని అనుభవం. ఆ రెండింటినీ ఒకే కొలబద్దతో కొలిచారనుకుని లెక్క కడితే, 0.2లో సగం పైచిలుకు కలిపితే 0.3 అవుతుంది. అంటే 99.8 కాస్తా 99.7 అవుతుంది. వెయ్యికి రెండు ఉన్నచోట మూడు. ఈ తేడా లక్షల కంప్యూటర్లను చూసుకోవాల్సిన కంపెనీకి నిజంగానే పెద్దది, ఎందుకంటే ఆ ఒక్కటీ అన్ని లక్షల మీద హెచ్చవుతుంది. ఒక బల్ల మీద ఉన్న ఒక కంప్యూటర్ యజమానికి అది పెద్దగా కనపడదు. కంపెనీ అబద్ధమాడిందని నేననడం లేదు. కంపెనీ తన స్థానంలో నిలబడి చూసింది, మీరు మీ స్థానంలో నిలబడి చూడాలి. భయపెట్టే శాతం వినిపించినప్పుడల్లా, దేనిలో శాతం అని అడగడం కంప్యూటర్ల విషయంలోనే కాక ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చినప్పుడు కూడా పనికొచ్చే అలవాటు.

మరి సపోర్టు అంటే అసలు ఏమిటి? మూడు పనులు. కొత్తది బయటికి పంపేముందు మీలాంటి యంత్రం మీద పరీక్షించడం ఒకటి. నెలనెలా కంతలు పూడ్చడం రెండోది. ఏదైనా తిరగబడితే వెనక్కి తీసుకుని సరిచేయడం మూడోది. జాబితాలో లేని కంప్యూటర్‌కు మొదటిదీ మూడోదీ నిలిచిపోతాయి. రెండోది మాత్రం విచిత్రంగా నడుస్తూనే వచ్చింది. హక్కు లేదన్నారు గానీ, వాడకందార్ల అనుభవంలో నెలవారీ అప్‌డేట్లు ఇలాంటి యంత్రాలకూ అందుతూ వచ్చాయి. దానంతటది సాధారణంగా రానిది ఏటేటా విడుదలయ్యే కొత్త వెర్షన్. హోమ్, ప్రో రకాల్లో ఒక్కో వెర్షన్‌కు 24 నెలల ఆయుష్షు ఉంటుంది, అది తీరాక నెలవారీ అప్‌డేట్లు ఆగిపోతాయి. 23హెచ్2 వెర్షన్ గడువు 2025 నవంబరు 11న అయిపోయింది, 24హెచ్2కు 2026 అక్టోబరు 13 వరకు ఉంది. జాబితాలో ఉన్న యంత్రం గడువు దగ్గర పడగానే తనే తర్వాతి వెర్షన్‌కు మారుతుంది. మీది మారదు, మీరు పూనుకుని కొత్త ఐఎస్ఓ (విండోస్ ఇన్‌స్టలేషన్ ఫైలు) దించుకుని చేతితో మార్చాలి. విండోస్ కీ నొక్కి విన్‌వర్ అని టైపు చేస్తే మీ వెర్షన్ తెలుస్తుంది. కంప్యూటర్ బాగా నడుస్తోంది కదా అని రెండేళ్లు అటువైపు చూడని మనిషి, సపోర్టు ఉన్న వెర్షన్ కాస్తా లేనిదైపోయిందని గమనించకుండా నిశ్చింతగా బ్యాంకు పనులు చేసుకుంటూ ఉంటాడు. నా దృష్టిలో అసలు ప్రమాదం పాత ప్రాసెసర్ కంటే ఈ నిశ్చింతలోనే ఎక్కువుంది.

కొన్ని చోట్ల మాత్రం గీత నిజంగా గోడే. 24హెచ్2 నుంచి విండోస్ 11కు ఎస్‌ఎస్‌ఈ 4.2, పాప్‌కౌంట్ అనే ఆదేశాలు తెలిసిన ప్రాసెసర్ ఉండాలి. కోర్ 2 డ్యువో కాలం నాటివాటికి ఆ ఆదేశాలు తెలియవు. ఏ చిట్కా వేసినా అవి బూట్ కావు, అక్కడ బేరం లేదు. ఇటు చివర మరో వింత. అసలు అర్హత ఉండి కూడా లేదనిపించుకునే యంత్రాలున్నాయి. బయాస్‌లో ఇంటెల్ పీటీటీ అనో, ఏఎండీ ఎఫ్‌టీపీఎం అనో ఉండే మీట ఆఫ్‌లో ఉంటే టీపీఎం లేదనే విండోస్ చెబుతుంది. ఆ మీట తిప్పితే చాలు, కొన్ని కంప్యూటర్ల విషయంలో ఈ అధ్యాయమంతా అనవసరం. మన చర్చ ఈ రెండు కొసలకూ మధ్యన ఉన్న వాటి గురించి: టీపీఎం ఉన్నా ప్రాసెసర్ పేరు లేని 6, 7 తరాల వాటి గురించి, కొంతవరకు అంతకు ముందు తరాల వాటి గురించి.

ఇలాంటి యంత్రాన్ని వాడుకోవచ్చన్న మాటకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం భద్రత. కొద్దిపాటి ఖర్చుకు వెనకాడి డబ్బు లావాదేవీలు జరిగే యంత్రాన్ని ఇలా నడపడం చేజేతులా దొంగకు తలుపు తీయడం కాదా అంటారు. 2017 మే 12న బయటపడ్డ వానాక్రై దాడిని గుర్తుచేసుకోండి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ వైరస్ దూరిన కంతకు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే దాదాపు రెండు నెలల ముందే, అప్‌డేట్ విడుదల చేసింది. ప్రపంచమంతటా ఎక్కువగా పడిపోయినవి విండోస్ 7 యంత్రాలు. అప్పటికి విండోస్ 7కు సపోర్టు ఉంది, 2020 జనవరి దాకా ఉంది. సపోర్టు ఉంది, అప్‌డేట్ ఉంది, వేసుకున్నవాళ్లు లేరు. కాబట్టి సపోర్టు ఉందా అన్న ప్రశ్న కంటే అప్‌డేట్ పడిందా అన్న ప్రశ్న ముఖ్యం. జాబితాలో లేకున్నా నెలనెలా అప్‌డేట్ పడుతున్న కంప్యూటర్, జాబితాలో ఉండీ అప్‌డేట్లు ఆపేసుకున్న కంప్యూటర్ కంటే ఈ దాడి ముందు గట్టిగా నిలబడుతుంది.

అయితే ఈ జవాబు అభ్యంతరం మొత్తానికీ సరిపోదని ఒప్పుకోవాలి. విండోస్ కంటే కింది పొరలు కూడా ఉన్నాయి. ప్రాసెసర్ లోపలి మైక్రోకోడ్, మదర్‌బోర్డు మీది బయాస్. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే లోపాలు బయటపడినప్పుడు కొత్త ప్రాసెసర్లకు మందు వేసిన ఇంటెల్, ఆ ఏప్రిల్‌లో కొన్ని పాత రకాలకు ఇక మైక్రోకోడ్ ఇవ్వబోమని చెప్పేసింది. ల్యాప్‌టాప్ కంపెనీ బయాస్ అప్‌డేట్లు ఆపేశాక ఆ పొరలో మీరు చేయగలిగిందేమీ లేదు, ఎంత శ్రద్ధ ఉన్నా లేదు. ఇంట్లో ఒక్కరు వాడే కంప్యూటర్ మీద ఇలాంటి లోతైన లోపాలతో దాడి జరిగే అవకాశం, దొంగ లింకు నొక్కి మోసపోయే అవకాశంతో పోలిస్తే చాలా తక్కువ. పదిమంది ఆధార్ వివరాలు, పాన్ కార్డులు, డిజిటల్ సంతకాలు ఉంచుకునే ఆఫీసుకు మాత్రం నేను ఆ మాట చెప్పలేను. అక్కడ పోయేది మీ సొత్తు కాదు. ఇతరుల సొమ్ముకు మీ యంత్రాన్ని పూచీ పెట్టే అధికారం మీకు లేదు.

పాత యంత్రంలో కొత్త సిస్టమ్ అనగానే అన్నింటినీ ఒకే గాటన కట్టడం ఇంకో పొరపాటు. రూఫస్ అనే ఉచిత సాధనంతో పెన్‌డ్రైవ్ తయారుచేసినప్పుడు మారేది ఇన్‌స్టలేషన్‌లో జరిగే తనిఖీ మాత్రమే. లోపల పడే విండోస్, మైక్రోసాఫ్ట్ అందరికీ ఇచ్చేదే. యాపిల్ వైపు పరిస్థితి వేరు. పాత మ్యాక్‌లలో కొత్త మ్యాక్‌ఓఎస్ నడిపే ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్ గొప్ప పనితనమే, అందులో సందేహం లేదు. కానీ యాపిల్ తీసేసిన గ్రాఫిక్స్ డ్రైవర్ల వంటివి అది సిస్టమ్ లోపలికి మళ్లీ చొప్పించాలి. అందుకోసం యాపిల్ వేసిన సీలు విప్పాలి, కొన్ని రక్షణలు సడలించాలి. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ ప్యాచ్‌లు చెరిగిపోతాయి, మళ్లీ వేయాలి. అక్కడ పాత యంత్రాన్ని బతికించుకోవడానికి చెల్లించే వెల భద్రతే. మూడో రకం అన్నిటికంటే చెడ్డది: ఎవరో అక్కరలేనివన్నీ తీసేసి తేలిక చేశామంటూ పంచిపెట్టే తయారు విండోస్. తీసేసినవి సరే, ఏం కలిపారో ఎవరు చూశారు? ఐఎస్ఓ మైక్రోసాఫ్ట్ సైటు నుంచి తప్ప ఇంకెక్కడి నుంచి వచ్చినా, కుర్రాడు ఎంత నమ్మకస్తుడైనా, వద్దనండి.

రెండో అభ్యంతరం కాస్త బలమైనది. ఇంత తిప్పలెందుకు, విండోస్ 10లోనే ఉండండి, లేదా లినక్స్ వేసుకోండి అంటారు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14న ముగిసింది. తర్వాత ఇళ్లలో వాడేవారికి మరో ఏడాది, 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు చేశారు. 30 డాలర్లు కట్టి గానీ, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు సింక్ చేసుకుని ఉచితంగా గానీ అందులో చేరవచ్చు. అది ఊపిరి తీసుకోవడానికి ఇచ్చిన వ్యవధి, నివాసం కాదు. లినక్స్ మాట వేరు. లినక్స్ మింట్ 22కు 2029 ఏప్రిల్ వరకు అప్‌డేట్లుంటాయి, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద అది హాయిగా నడుస్తుంది. ముఖ్యంగా అక్కడ మీ యంత్రం సపోర్టు లేనిది కానే కాదు. బ్రౌజర్, మెయిల్, యూనికోడ్ తెలుగులో టైపింగ్, పిల్లల చదువు వరకే పని అయితే విండోస్ 11ను బలవంతంగా ఎక్కించడం కంటే ఇదే మేలని నేను నిస్సంకోచంగా చెబుతాను. చిక్కు వచ్చేది ట్యాలీ దగ్గర, డిజిటల్ సంతకం టోకెన్ దగ్గర, వేలిముద్ర యంత్రం డ్రైవర్ దగ్గర. ఇక అను ఫాంట్లతో పేజీలు పెట్టే డీటీపీ సెంటర్‌ను లినక్స్‌కు మారమనడం, వంటవాణ్ణి పొయ్యి మార్చమనడం కాదు, చెయ్యి మార్చుకోమనడం. ఆ మాటకొస్తే 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7తో ఇప్పటికీ శుభలేఖలూ కరపత్రాలూ దించుతున్న సెంటర్లు, సపోర్టు లేనిదానితో రోజువారీ పని ఎలా నెట్టుకురావాలో మనకంటే చాలా ముందే నేర్చుకున్నాయి.

కొత్తది కొనెయ్యండి అనేవాళ్లకు నా జవాబు చిన్నది. కొనగలిగితే, పని దాని మీదే ఆధారపడి ఉంటే, కొనండి. 8వ తరం సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ అయినా జాబితాలోకి వస్తుంది. కొనలేనివాళ్లకు ఆ సలహా సలహా కాదు.

ఇప్పుడు అసలు పరీక్ష. రేపు ఉదయం పదింటికి ఈ కంప్యూటర్ ఆన్ కాకపోతే ఏ పని ఆగుతుంది? జవాబు చెప్పడానికి ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్ ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతుంది, మనకు ఆ రాత్రికి అందుతుంది. రెండో మంగళవారం ఎప్పుడూ 8కీ 14కీ మధ్యే పడుతుంది. నెలనెలా రిటర్నులు వేసే వ్యాపారికి జీఎస్‌టీఆర్-1 గడువు 11వ తేదీ, 3బీ గడువు 20. అంటే ఎవరూ పరీక్షించని యంత్రంలోకి కొత్త మార్పులు వచ్చిపడేది సరిగ్గా ఊపిరాడని వారంలోనే. జాబితాలో ఉన్న యంత్రంలో ఇది చిరాకు, లేనిదాంట్లో జరిమానా కావచ్చు. పరిష్కారం సెట్టింగుల్లోనే ఉంది. అప్‌డేట్లను ఐదు వారాల వరకు ఆపే వీలుంది కాబట్టి 21 దాకా ఆపి, 3బీ వేసిన మర్నాడు సాయంత్రం వదలండి. ఈలోగా ఆ అప్‌డేట్‌తో ఎవరికైనా ఇబ్బంది వస్తే బయటపడి ఉంటుంది. ఒక వారం పైగా కంత తెరిచి ఉంచినట్టే కదా అంటే, అవును, ఉంచినట్టే. ఇప్పటికే దాడులు జరుగుతున్న కంతకు మందు వచ్చిందని వార్తల్లో చదివితే గడువు చూడకుండా వెంటనే వేయాలి. ఏ నెలలో ఏది చేయాలో తూకం వేయడమే ఇదివరకు కంపెనీ చేసిన పనిలో మీ వాటాకు వచ్చిన భాగం. ఈ తూకం మాకు వద్దనిపిస్తే అందులో చిన్నతనం లేదు, అది జాబితాలో ఉన్న కంప్యూటర్ కొనుక్కోవడానికి తగిన కారణం.

బ్యాకప్ గురించి అందరూ చెబుతారు, ఎవరూ చేయరు, కాబట్టి ఒక్క మాట. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. బల్ల మీది హార్డ్ డిస్కూ పక్కనే ఉన్న పెన్‌డ్రైవూ రెండు ప్రతులే, నీళ్లు పడితే రెండూ తడుస్తాయి. ఎక్కువమంది మరిచిపోయేది మరొకటుంది. 24హెచ్2 తర్వాత మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా విండోస్ వేసుకుంటే, టీపీఎం, సెక్యూర్ బూట్ ఉన్న యంత్రాల్లో డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. ఆ తర్వాత ఏ రోజైనా బయాస్‌లో టీపీఎం మీట కదిలితే, నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఖాతా తెరిచింది విండోస్ వేసిన కుర్రాడైతే, తన మెయిల్‌తో తెరిచి ఉంటే, మీ ఫైళ్లన్నీ మీ బల్ల మీదే ఉంటాయి, మీకు మాత్రం అందవు. ఈ పేజీ పక్కన పెట్టి ఇప్పుడే చూసుకోవలసింది ఏదైనా ఉంటే అది ఇదే: ఖాతా ఎవరి పేరున ఉందో చూసి, ఆ 48 అంకెలూ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

ఇక ఎక్కడ ఆపాలి? ముందుగా బ్రౌజర్‌ను గమనించండి. విండోస్ 7 సపోర్టు పోయాక కూడా క్రోమ్ మూడేళ్లు దాని మీద నడిచింది. 2023 ఫిబ్రవరిలో 110 వెర్షన్ రావడంతో ఆగింది. అప్పటివరకు నెట్టుకొచ్చినవాళ్ల పని ఆ తర్వాత ఒక్కొక్క సైటు దగ్గరా ఇరుక్కోవడం మొదలైంది. వెర్షన్ గడువు తీరి తర్వాతిది ఎక్కకపోతే, లేదా బ్రౌజర్ ఇక కొత్తది రాదని చెబితే, ఆ యంత్రాన్ని డబ్బు పనుల నుంచి తప్పించండి. తప్పించడమంటే పారేయడం కాదు. నెట్ తీగ పీకేసి, వైఫై పాస్‌వర్డ్ చెరిపేసి, దాన్ని ఒక్క పనికి కేటాయించవచ్చు. పాత పేజ్‌మేకర్ ఫైళ్లున్న సెంటర్‌కు అలాంటి యంత్రం ఇంకా ఏళ్ల తరబడి పనికొస్తుంది, ఫైళ్లు మోసే పెన్‌డ్రైవ్‌ను ముందు అప్‌డేట్లు పడే మరో కంప్యూటర్‌లో స్కాన్ చేశాకే దీనికి గుచ్చితే.